గోదావరి వరద పెరుగుతుండగా పరిస్థితిని అంచనా వేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

గోదావరి ఒడ్డున, లంకల్లో (నది మధ్య దిబ్బల మీద), శబరి నది పక్కన ఉన్న ఊళ్లలో వరద పనికి దిగే యువకులు, గ్రామ సచివాలయ సిబ్బంది, పంచాయతీ పెద్దలు, పొదుపు సంఘాల మహిళలు అడిగే ప్రశ్నలివి. వరద తగ్గాక నష్టం లెక్కగట్టడం వేరే పని, దాని గురించి ఇక్కడ రాయలేదు. నీళ్లు ఇంకా పెరుగుతుండగా, సగం సమాచారం చేతిలో ఉండగా, ఏం జరుగుతోందో గ్రహించి తర్వాతి అడుగు ఎలా వేయాలన్నదే ఇక్కడి విషయం.

వివరాలు పూర్తిగా తెలియకుండా అంచనా ఎలా వేస్తాం?

పూర్తి వివరాలు వచ్చేసరికి వరద సముద్రంలో కలిసిపోయి ఉంటుంది. వరద మధ్యలో వేసే అంచనా వచ్చే కొన్ని గంటల్లో తీసుకోవాల్సిన నిర్ణయానికి సాయపడితే చాలు. పడవ ముందు ఏ ఊరికి వెళ్లాలి? కాజ్‌వే మీద రాకపోకలు ఎప్పుడు ఆపాలి? బడిలో పెట్టిన పునరావాస కేంద్రంలోకీ నీళ్లొచ్చేలా ఉంటే జనాన్ని ఎక్కడికి మార్చాలి? ఇలాంటివే ఆ నిర్ణయాలు.

అందుకే ఎవరినైనా ఒక వివరం అడిగే ముందు, అది తెలిస్తే మనం చేసే పని మారుతుందా అని చూసుకోండి. మారదనుకుంటే రేపు అడగవచ్చు. ఎన్ని ఎకరాల వరి మునిగిందో ఈ రాత్రికి అక్కర్లేదు. నెలలు నిండిన గర్భిణులు ఎంతమంది ఇంకా లంకలోనే ఉన్నారో మాత్రం ఈ నిమిషమే కావాలి. పైనుంచి నష్టం ప్రొఫార్మాలు నింపి పంపమని ఒత్తిడి వస్తుంది, అది సహజం. కానీ పడవలు తిరుగుతున్న వేళ ఊళ్లో ఉన్న ఇద్దరు ముగ్గురినీ ఆ పనికే కూర్చోబెట్టడం తప్పని గట్టిగా నమ్ముతాను.

వచ్చిన ప్రతి కబురునూ మూడు రకాలుగా విడదీసి ఒక పుస్తకంలో రాసుకోండి: కళ్లారా చూసింది, ఎవరో చెప్పగా విన్నది, మనం ఊహించుకున్నది. పక్కన టైం వేయండి. "రామాలయం మెట్ల దాకా నీళ్లు, సాయంత్రం 4.10కి చూశాను" అన్నది పనికొచ్చే వాక్యం. "ఊరంతా మునిగిపోయింది" అన్నదానితో పడవ ఎటు పంపాలో తేలదు.

భద్రాచలం మట్టం చూసి దిగువన మా ఊరికి ఏమవుతుందో చెప్పవచ్చా?

చాలావరకు చెప్పవచ్చు. గోదావరి మనకిచ్చే పెద్ద వెసులుబాటు ఇదే. కొండవాగులా గంటలో మీద పడే నది కాదు, కబురు ముందే పంపుతుంది.

భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది ఇస్తారు. ధవళేశ్వరం కాటన్ బ్యారేజీ దగ్గర ఇవే హెచ్చరికలు 11.75, 13.75, 17.75 అడుగుల దగ్గర వస్తాయి. ప్రవాహంలో చూస్తే అవి సుమారు 10, 13, 17 లక్షల క్యూసెక్కులు. భద్రాచలంలో కనిపించిన ఉద్ధృతి ధవళేశ్వరం చేరడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. ప్రవాహాన్ని బట్టి ఆ గడువు కొంత అటూ ఇటూ అవుతుంది. 2022 జులై 16న భద్రాచలంలో నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. ఆ వరదకే ధవళేశ్వరం దగ్గర ప్రవాహం సుమారు 25.8 లక్షల క్యూసెక్కులు దాటింది. 1986 ఆగస్టులో భద్రాచలంలో 75.6 అడుగులు, ధవళేశ్వరంలో 35 లక్షల క్యూసెక్కులు నమోదయ్యాయి. ఇప్పటికీ పెద్దవాళ్లు "ఎనభై ఆరు వరద" అని దాన్నే కొలతగా చెప్పుకుంటారు.

భద్రాచలం కంటే పైన కూడా చూడాలి. ప్రాణహిత కాళేశ్వరం దగ్గర కలుస్తుంది, ఆ దిగువన ఇంద్రావతి కలుస్తుంది. ఆ రెండూ కలిశాక పేరూరు గేజీ (నీటిమట్టం కొలిచే చోటు) దగ్గర ఎంత నీరుందో చూస్తే భద్రాచలానికి ఏం రాబోతోందో గంటల ముందే తెలుస్తుంది. కేంద్ర జల సంఘం ఈ మట్టాలను, ముందస్తు అంచనాలను వరద రోజుల్లో విడుదల చేస్తూ ఉంటుంది.

అయితే బ్యారేజీ దగ్గర ఇన్ని అడుగులంటే మీ ఊళ్లో ఎక్కడిదాకా వస్తుందన్నది ఏ వెబ్‌సైటులోనూ ఉండదు. అది మీరు తయారు చేసుకోవాల్సిందే. గత వరదల్లో నీళ్లు ఎక్కడ ఆగాయో పెద్దవాళ్లనడిగి బడి గోడ మీద, కరెంటు స్తంభం మీద, గుడి అరుగు మీద రంగుతో గీతలు పెట్టండి. ఒక్కో గీత పక్కన ఆ రోజు ధవళేశ్వరం మట్టం ఎంతో రాయండి. రెండు మూడు వరదలు దాటేసరికి బ్యారేజీ అంకెను మీ ఊరి భాషలోకి మార్చే పట్టిక మీ దగ్గర ఉంటుంది. కోనసీమలో చాకలిపాలెం - కనకాయలంక కాజ్‌వే లాంటివి మొదటి హెచ్చరిక రాకముందే మునిగిన సందర్భాలున్నాయి. అలాంటి చోట అధికారిక హెచ్చరిక కోసం చూస్తూ కూర్చుంటే దారి మూసుకుపోతుంది.

లక్ష క్యూసెక్కులంటే ఎంత?

ఒక క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, సుమారు 28 లీటర్లు. లక్ష క్యూసెక్కులు ఒక రోజంతా పారితే 8.64 టీఎంసీలు (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు). ఇంతకంటే ఎక్కువ లెక్క వరద రోజున అవసరం పడదు.

మట్టం ముఖ్యమా, పెరిగే వేగం ముఖ్యమా?

రెండూ కావాలి. నిర్ణయాన్ని నడిపేది మాత్రం ఎక్కువగా వేగమే. 46 అడుగుల దగ్గర నిలకడగా ఉన్న నది కంటే 42 దగ్గర ఉండి గంటకు అర అడుగు పెరుగుతున్న నది గురించి ఎక్కువ ఆలోచించాలి.

ఉదాహరణకు ఉదయం 6 గంటలకు 44 అడుగులు, 9 గంటలకు 45.2, మధ్యాహ్నం 12కి 46 ఉందనుకోండి. మొదటి మూడు గంటల్లో 1.2 అడుగులు, తర్వాతి మూడు గంటల్లో 0.8 పెరిగింది. అంటే పెరుగుదల నెమ్మదిస్తోంది. ఇప్పటి వేగంతోనే పెరిగితే 48కి చేరడానికి ఏడున్నర గంటలు పడుతుంది. ఉదయం ఉన్న వేగం మళ్లీ అందుకుంటే అయిదు గంటలే. పనులు ప్లాన్ చేసుకునేటప్పుడు అయిదు గంటలే ఉన్నాయనుకోండి. పైన పేరూరులో తగ్గుముఖం పట్టిందని ఖాయంగా తెలిస్తే అప్పుడు కొంత ఊపిరి పీల్చుకోవచ్చు.

గేజీ అందుబాటులో లేకపోతే ఒక కర్ర పాతి, అరగంటకోసారి గీత పెట్టుకోండి. కర్ర పాతిన చోటు అలలు కొట్టనిదై ఉండాలి. రాత్రిపూట ఆ పని ఒక్కరికి అప్పగించకండి. ఇద్దరు కలిసి వెళ్లాలి, ఒకరు గట్టు మీదే నిలబడాలి.

శబరి పక్కన ఉన్నవాళ్లం. భద్రాచలం లెక్క మాకూ పనిచేస్తుందా?

ఆ ఒక్క అంకె మీకు చాలదు. కూనవరం దగ్గర శబరి గోదావరిలో కలుస్తుంది. గోదావరి నిండుగా ఉన్నప్పుడు శబరి నీరు దిగడానికి దారి దొరక్క ఎగదన్నుతుంది. శబరిలో పెద్ద వరద లేకపోయినా చింతూరు వైపు వాగులు వెనక్కి పొంగి రోడ్లు మునుగుతాయి. ఇలా వెనక్కి తన్నే నీటికి హోరు ఉండదు, ప్రవాహం కనిపించదు. వాగు నిదానంగా ఉందనుకుని జనం ధైర్యంగా ఉండిపోతారు. కాబట్టి మీరు కుంట, చింతూరు, కూనవరం, భద్రాచలం మట్టాలు నాలుగూ కలిపి చూడాలి. పోలవరం కట్టడాల వల్ల ఎగువన నీరు నిలిచే తీరు కూడా మారింది. పాత వరదల గీతలను మాత్రమే నమ్ముకోకుండా ఇటీవలి వరదల్లో చూసినదానికి ఎక్కువ విలువివ్వండి.

ఇంకో ఇబ్బంది ఉంది. భద్రాచలం తెలంగాణలో, కూనవరం, చింతూరు ఆంధ్రప్రదేశ్‌లో, కుంట ఛత్తీస్‌గఢ్‌లో ఉన్నాయి. మూడు ప్రభుత్వాల కంట్రోల్ రూములు. మీ ఫోనులో మీ జిల్లా నంబరు ఒక్కటే ఉంటే సరిపోదు.

మొదటి గంటలో ఏమేం తెలుసుకోవాలి?

మనుషుల నుంచి మొదలుపెట్టండి. ఎవరు కదల్లేరు? మంచాన పడ్డవాళ్లు, వికలాంగులు, ఒంటరిగా ఉండే వృద్ధులు, నెలలు నిండినవాళ్లు, పచ్చి బాలింతలు, డయాలసిస్ చేయించుకునేవాళ్లు, రోజూ ఇన్సులిన్ తీసుకునేవాళ్లు. ఈ జాబితా మండల ఆఫీసులో దొరక్కపోవచ్చు గానీ ఆశా కార్యకర్తకు, అంగన్‌వాడీ టీచరుకు నోటికి వచ్చు. డయాలసిస్ రోగికి సాధారణంగా వారానికి రెండు మూడుసార్లు చేయాలి. కాబట్టి "ఆయన బాగానే ఉన్నారు" అన్న జవాబు చాలదు, మళ్లీ ఎప్పుడు చేయించుకోవాలో అడగాలి. కాన్పు తేదీ దగ్గరపడిన వాళ్లను నీళ్లు రాకముందే ఆసుపత్రి ఉన్న చోటికి చేర్చడం మన జిల్లాల్లో అలవాటైన పద్ధతి. అది ఎంత ముందు జరిగితే అంత మంచిది.

తర్వాత దారులు. ఏ దారి ఇప్పుడు తెరిచి ఉంది, ఇంకో అడుగు పెరిగితే ఏది మూసుకుపోతుంది? తర్వాత పడవలు: ఎన్ని ఉన్నాయి, డీజిల్ ఎంత ఉంది, నడిపేవాళ్లు ఎక్కడున్నారు, లైఫ్ జాకెట్లు ఎన్ని? ఆ తర్వాత తాగునీరు. బోర్లు, బావులు మునిగితే చుట్టూ నీళ్లున్నా తాగడానికి గుక్కెడు ఉండవు.

కరెంటు సంగతి విడిగా అడగండి. లైన్ ఆపారా లేదా అన్నది విద్యుత్ సిబ్బంది నోట వింటేనే నమ్మండి. బల్బు వెలగడం లేదని తీగలో కరెంటు లేదనుకోకూడదు.

ఒక ఊరి నుంచి ఎలాంటి కబురూ రావడం లేదు. అక్కడ బాగానే ఉన్నట్టేనా?

ఈ ప్రశ్నకు జవాబు అందరికీ తెలియాలని కోరుకుంటాను. అలా అనుకోకండి. కబురు లేని ఊరే మీ జాబితాలో మొదట ఉండాలి.

ఎక్కువ ఫోన్లు ఎక్కడినుంచి వస్తాయి? సిగ్నల్ ఉన్నచోటి నుంచి, ఛార్జింగ్ ఉన్నచోటి నుంచి, అధికారుల నంబర్లు తెలిసినవాళ్ల నుంచి. నిజంగా మునిగిన ఊళ్లో టవర్ ఆగిపోయి ఉంటుంది, ఫోన్లు చచ్చిపోయి ఉంటాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీద పడ్డప్పుడు అంత పెద్ద నగరంలోనే కరెంటు, ఫోన్లు ఒక్కసారిగా పడిపోయాయి. 2024 సెప్టెంబరు 1న బుడమేరు నీరు విజయవాడ సింగ్‌నగర్ వైపు ముంచెత్తినప్పుడు కూడా లోపలి వీధుల్లో పై అంతస్తుల మీద చిక్కుకున్నవాళ్ల ఫోన్లు ఛార్జింగ్ లేక ఆగిపోయాయి. అలాంటి వేళ ఫోన్ల సంఖ్యను బట్టి పడవలు పంపితే, గొంతు వినిపించగలిగినవాళ్లకే మళ్లీ మళ్లీ సాయం అందుతుంది.

అందుకని ముందే ఒక నియమం పెట్టుకోండి. ప్రతి ఊరి నుంచి ఇన్ని గంటలకోసారి కబురు రావాలి. "మార్పు లేదు" అన్న కబురైనా సరే. వరసగా రెండుసార్లు రాకపోతే ఎవరో ఒకరు వెళ్లి చూడాలి. వెళ్లలేకపోతే ఎత్తైన గట్టు మీద నుంచి టార్చి వేసో, పక్క ఊరివాళ్లను అడిగో, పడవ మీద వచ్చిన జాలరి చెప్పింది వినో ఎంతో కొంత తెలుసుకోవాలి. ఎస్సీ, ఎస్టీ పేటలు, ఇటుక బట్టీల దగ్గర ఉండే వలస కూలీలు, రేవుల్లో గుడిసెలు వేసుకున్న మత్స్యకారులు ఊరి పేరు కింద కలిసిపోయి కనిపించకుండా పోతారు. ఊరి పెద్ద "మా ఊరు క్షేమం" అంటే ఆ పేటలు కూడా క్షేమమేనా అని పేరుపెట్టి అడగండి.

వాట్సాప్‌లో "గట్టుకు గండి పడింది" అని వచ్చింది. నమ్మాలా?

నమ్మడం, కొట్టిపారేయడం కాకుండా మూడో దారి ఉంది: పరీక్షించడం. ఎక్కడ? ఎన్నింటికి? చూసినవాళ్లెవరు? ఈ మూడింటికి జవాబు దొరికితే కబురుకు బలం వస్తుంది. ఒకరికొకరు సంబంధం లేని ఇద్దరు ఒకే మాట చెబితే ఇంకా బలం వస్తుంది. ఒకే వీడియోను పదిమంది పంపితే అది ఒక్క సాక్ష్యమే. పాత వరద వీడియోలు ఏటా తిరుగుతాయి, కాబట్టి వీడియోలో గుడి, వంతెన, బోర్డు ఏదైనా గుర్తుపట్టగలిగేలా ఉందేమో చూడండి.

పరీక్షించే లోపు చేతులు కట్టుకుని కూర్చోవాలని కాదు. ఖర్చు తక్కువ ఉన్న పనులు వెంటనే చేయండి: పడవలను సిద్ధంగా నిలపడం, ఆ వైపు ఉన్న ఇద్దరిని చూసి రమ్మనడం, పల్లపు ఇళ్లవాళ్లను లేపి కూర్చోబెట్టడం. ఊరంతా పరుగెత్తించే మైకు ప్రకటన మాత్రం నిర్ధారణ అయ్యాకే. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది చనిపోయారు. ఆ రోజు రాత్రే మళ్లీ గ్యాస్ లీకైందన్న కబురు పాకి చుట్టుపక్కల కాలనీల జనం చీకట్లో పిల్లలతో రోడ్ల మీదికి వచ్చేశారు. అలాంటి పరుగులోనూ ప్రమాదాలుంటాయి. ఒకసారి భయపడ్డ జనానికి వివరం తెలిసిన మనిషి గొంతు తొందరగా అందాలి. "పరిశీలిస్తున్నాం, అరగంటలో చెబుతాం" అని చెప్పి, తెలిసినా తెలియకపోయినా అరగంటకు మళ్లీ మాట్లాడితే నమ్మకం నిలుస్తుంది.

ఎప్పుడు ఖాళీ చేయించాలన్నది ఎలా తేల్చాలి?

వెనక నుంచి లెక్కేసుకుంటూ రావాలి. లంకలో 600 మంది ఉన్నారనుకోండి. రెండు ఇంజిన్ పడవలున్నాయి, ఒక్కో దాంట్లో లైఫ్ జాకెట్లతో 20 మంది పడతారు. ఎక్కించి, దాటించి, దించి, తిరిగి రావడానికి 50 నిమిషాలు. రెండు పడవలూ కలిసి ఒక విడతకు 40 మందిని దాటిస్తాయి, అంటే 15 విడతలు. 750 నిమిషాలు, పన్నెండున్నర గంటలు. డీజిల్ పోయడం, వాన, బతిమాలడం కలుపుకుంటే ఇంకా ఎక్కువ. చీకటిపడ్డాక వరద గోదావరిలో జనంతో పడవ నడపకూడదు కాబట్టి ఇది ఒక పగటిలో అయ్యే పని కాదు.

ఇప్పుడు నిర్ణయం దానంతటదే కనిపిస్తుంది. రేపు రాత్రికి దారి మూసుకుపోతుందన్న అంచనా ఉంటే ఈ రోజు మధ్యాహ్నమే మొదలుపెట్టాలి, లేదా ఇంకో రెండు పడవలు తెప్పించాలి. "ఇంకొంచెం చూద్దాం" అన్నప్పుడల్లా ఈ లెక్కను ముందు పెట్టండి. ఎంతసేపు చూడగలమో దాంట్లోనే ఉంది.

ఫలానా గుర్తు దగ్గరికి నీళ్లొస్తే ఫలానా పని చేస్తామని వరదకు ముందే ఊరంతా కూర్చుని ఒప్పుకుంటే ఇంకా మేలు. అర్ధరాత్రి టెన్షన్‌లో కొత్తగా వాదించుకోవాల్సిన అవసరం ఉండదు.

జనం కదలమంటున్నారు. ఏం చేయాలి?

ఎందుకు కదలమంటున్నారో అడగండి, అది కూడా అంచనాలో భాగమే. ఎక్కువ ఇళ్లలో కారణం పశువులు. పాడిగేదెను వదిలి రమ్మంటే ఎవరొస్తారు? పశువులకు మెరక చోటు, గడ్డి ఏర్పాటు చేశామంటే సగం వాదన అక్కడే తీరిపోతుంది. మరికొన్ని ఇళ్లలో దొంగల భయం, ఇంకొన్నింట పునరావాస కేంద్రంలో ఆడవాళ్లకు మరుగుదొడ్డి ఉండదన్న బెంగ. ఈ భయాలు నిజమైనవే. వాటికి జవాబు చూపించి పిలిస్తే వస్తారు. "ఎనభై ఆరులోనే మా ఇంట్లోకి రాలేదు" అనే తాతగారికి మాత్రం ఎనభై ఆరు తర్వాత కట్టిన రోడ్లు, గట్లు, ఇళ్లు నీటి దారిని మార్చాయని ఓపికగా చెప్పాలి. ఆయన మనవరాలితో చెప్పిస్తే ఇంకా తొందరగా వింటారు.

ఏటిగట్టు మీద కాపలా ఉన్నవాళ్లు ఏం చూడాలి?

గట్టు పైన నీళ్లు ఎంత ఎత్తున ఉన్నాయో అందరూ చూస్తారు. ఊరి వైపు, గట్టు పాదం దగ్గర ఏం జరుగుతోందో చూసేవాళ్లు తక్కువ. ప్రమాదం చాలాసార్లు అక్కడే మొదలవుతుంది. గట్టు కింద నీరు ఊరుతోందా? ఊరే నీరు తేటగా ఉందా, బురదగా ఉందా? తేటగా ఉంటే కనిపెట్టుకుని ఉండాలి. మట్టిని మోసుకొస్తూ బురదగా వస్తుంటే గట్టు లోపలినుంచి కోసుకుపోతోందని అర్థం, వెంటనే జలవనరుల శాఖ సిబ్బందికి చెప్పాలి. దీన్నే బుంగ పడటం అంటారు. బుంగ చుట్టూ ఇసుక బస్తాలు గుండ్రంగా పేర్చి, లోపల నీటిమట్టం పెరిగేలా చేస్తారు. దాంతో ఊట ఒత్తిడి తగ్గుతుంది. బుంగ నోటిని నేరుగా మూసేయాలని చూస్తే నీరు పక్కనుంచి ఇంకో దారి వెతుక్కుంటుంది.

గట్టు మీద పగుళ్లు, ఒక చోట కుంగడం, ఎలుకలు, పందికొక్కుల బొరియలు, చెట్టు వాలిన చోటు, పాత తూములు కూడా చూడాలి. గట్టు మీద బరువైన ట్రాక్టర్లు, లారీలు తిరగనివ్వకండి.

రోడ్డు మీద నీళ్లు పారుతున్నాయి, దాటవచ్చా అని బైకుల వాళ్లు అడుగుతారు.

దాటనివ్వకండి. పారే నీరు అరడుగు లోతున్నా పెద్ద మనిషి కాలు నిలవదు. అడుగు లోతుకు చిన్న కార్లు తేలడం మొదలవుతుంది. రెండడుగులకు చాలా వాహనాలు కొట్టుకుపోతాయి. పైగా నీటి కింద రోడ్డు ఉందో కోసుకుపోయిందో పైకి కనిపించదు. 2022 వరదలో భద్రాచలం దగ్గర గోదావరి వంతెన మీదే రాకపోకలు ఆపేశారు. అంత పెద్ద వంతెనకే అలా చేసినప్పుడు వాగు మీది కల్వర్టు దగ్గర తాడు కట్టి ఇద్దరిని నిలబెట్టడానికి మొహమాటపడాల్సిన పని లేదు.

డ్రోన్లు, ఉపగ్రహ చిత్రాలు ఉన్నాయి కదా, ఇంకా మనుషులు వెళ్లి చూడాలా?

విజయవాడ వరదలో డ్రోన్లతో ఆహార పొట్లాలు, నీళ్లు అందించారు. పడవ పోలేని వీధుల్లో ఎవరెక్కడున్నారో చూడటానికి కూడా అవి చక్కగా పనికొస్తాయి. ఎంత మేర మునిగిందో ఉపగ్రహ చిత్రం చెబుతుంది, మబ్బుల గుండా చూడగల రాడార్ ఉపగ్రహాలు కూడా ఉన్నాయి. డాబా మీద కనిపిస్తున్న ఆ పెద్దాయనకు రెండ్రోజులుగా బీపీ మాత్ర లేదన్నది పైనుంచి కనిపించదు. పడవలో వెళ్లిన ఏఎన్ఎం అడిగితేనే తెలుస్తుంది. రెండూ కావాలి, ఒకదానికి ఇంకొకటి బదులు కాదు.

ఎంతసేపటికోసారి అంచనా మార్చుకోవాలి?

నీళ్లు పెరుగుతున్నప్పుడు గంటకోసారి, నిలకడగా ఉన్నప్పుడు మూడు గంటలకోసారి చాలు. ఏదైనా పెద్ద మార్పు జరిగితే టైం కోసం చూడక్కర్లేదు. ప్రతిసారీ ముందటి అంచనాను చదివి, ఏది నిజమైంది, ఏది కాలేదు అని ఒక్క వాక్యం రాయండి. అలసిపోయిన మనిషి మొదట అనుకున్న మాటకే అతుక్కుపోతాడు. అందుకే రాత్రి డ్యూటీ మారినప్పుడు కొత్తగా వచ్చినవాళ్లు పుస్తకం చదివి, "ఇది ఎందుకనుకున్నారు?" అని అడగాలి. వయసులో చిన్నవాళ్లైనా సరే అడిగే చనువు ఉండాలి.

ఖాళీ చేయించాం, తీరా నీళ్లు రాలేదు. జనం తిడుతున్నారు.

తిట్లు పడండి. వరద రాకపోయినంత మాత్రాన ఆ రోజు తీసుకున్న నిర్ణయం తప్పని కాదు. ఆ గంటకు తెలిసినదాన్ని బట్టి అది సరైనదా కాదా అన్నదే ప్రశ్న. 2022 జులైలో పోలవరం ఎగువ కాఫర్ డ్యామ్‌ను (ప్రాజెక్టు పనుల కోసం కట్టిన తాత్కాలిక అడ్డుకట్టను) దాటేంత వరద రావచ్చన్న అంచనాతో వరద నడుస్తుండగానే దాని ఎత్తు ఒక మీటరు పెంచారు. దాన్ని 28 లక్షల క్యూసెక్కులను ఉద్దేశించి కట్టారు, వచ్చిన వరద అంతకు లోపే ఆగింది. అంతమాత్రాన ఆ శ్రమ వృథా అనగలమా?

జనానికి మాత్రం వివరం చెప్పాలి. ఏ మట్టం చూసి ఆ నిర్ణయం తీసుకున్నారో, తర్వాత ఏం మారిందో పుస్తకం తెరిచి చూపించండి. వివరం చెప్పకపోతే వచ్చే వరదకు మీ మాట ఎవరూ వినరు.

వరద తీస్తోంది. ఇక ఆపేయవచ్చా?

లేదు, ఇప్పుడు చూడాల్సినవి మారతాయి. భద్రాచలంలో తగ్గుతున్నప్పుడు కోనసీమలో ఇంకా పెరుగుతూ ఉంటుంది. సముద్రం పోటు మీద ఉంటే గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయల చివర నీరు మెల్లగా దిగుతుంది. నది త్వరగా తగ్గితే నానిన గట్లు నది వైపు జారిపడతాయి, కాబట్టి కాపలా ఎత్తేయకండి. నానిన మట్టి గోడలు కూడా ఎండ కాశాక కూలతాయి. ఇళ్లకు తిరిగి పంపే ముందు గోడలు, కరెంటు, పాములు, తాగునీరు చూసుకోవాలి. సామాన్ల కింద, గడ్డివాముల్లో పాములు చేరి ఉంటాయి. దగ్గరి ఆసుపత్రిలో విషానికి విరుగుడు మందు ఉందో లేదో ముందే కనుక్కోండి. బోరు నీళ్లు క్లోరినేషన్ చేసేదాకా కాచి చల్లార్చి తాగాలి. విరేచనాల కేసులు ఒకే వీధిలో రెండు మూడు కనిపిస్తే ఆ రోజే పీహెచ్‌సీకి చెప్పాలి.

ఎవరికి ఫోన్ చేయాలి?

అత్యవసరానికి 112, అంబులెన్సుకు 108, రాష్ట్ర విపత్తు కంట్రోల్ రూముకు 1070, జిల్లాకు 1077. విపత్తు నిర్వహణ చట్టం, 2005 ప్రకారం జిల్లాలో బాధ్యత కలెక్టర్ నేతృత్వంలోని సంస్థది. ఎన్డీఆర్ఎఫ్ (జాతీయ విపత్తు స్పందన దళం) బృందం కావాలన్నా కోరిక ఆ దారినే వెళ్తుంది. వాళ్ల పదో బెటాలియన్ విజయవాడ దగ్గర కొండపావులూరులో ఉంది. రోడ్డు మీద రావడానికి పట్టే సమయాన్ని మీ లెక్కలో కలుపుకోండి.

ఫోన్ కలవగానే ఈ వరసలో చెప్పండి: మీరెవరు, ఏ ఊరు, ఏ మండలం, ఇప్పుడు టైం ఎంత, మీరు చూసింది ఏమిటి, ఎంతమంది, ఏం కావాలి, ఎప్పటిలోగా కావాలి, ఏ దారిన రావాలి. తర్వాత అవతలివాళ్లను తిరిగి చదివి వినిపించమనండి. ఒకే పేరుతో రెండు మూడు ఊళ్లుంటాయి మన వైపు. మండలం చెప్పకపోతే పడవ వేరే లంకకు పోతుంది.